పుర్రచేతి తాళం

కిందటి వారం మనం మేస్త్రిని దుకాణం గుమ్మంలో, సగం దించిన రేకు తలుపు చేతిలో ఉండగా వదిలేసి వచ్చాం. వారం రోజులుగా పాపం అలాగే నిలబడి ఉన్నాడు. చేతులు పీకేస్తూ ఉంటాయి, ముందు ఆ తలుపు దింపనిద్దాం.

కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. మేస్త్రిది తాళాలు చేసే పని. ఆయన ఒక్కగానొక్క కొడుకు పోయిన చలికాలం ఒక పొద్దున, తాను పని మానేసిన కుట్టు షెడ్డుకి బయటినుంచి తాళాలు తిప్పి నిప్పు పెట్టాడు. లోపల మిషన్ల ముందు కూర్చున్నవాళ్ళలో సగం మంది బయటికి రాలేదు. కొడుకు జైల్లో ఉన్నాడు. ఎందుకు చేశావురా అంటే నోరు విప్పడు. వాడు విప్పని నోటికి బదులు ఊరు తన నోరు విప్పి, అదే ప్రశ్న పట్టుకుని తల్లిదండ్రుల గుమ్మానికి వస్తోంది. కొందరు తిట్టి పోయారు, కొందరు ఉమ్మి పోయారు. ఈసారి వచ్చినామె రెండూ చెయ్యలేదు. తలకి గుడ్డ చుట్టుకుని, కుడి చెయ్యి గుడ్డలోనే దాచుకుని, "తాళం గురించి ఒక మాట అడగాలి" అంది. అక్కడ ఆగాం.

"తాళాలు చెయ్యడం మానేశానమ్మా," అన్నాడు మేస్త్రి.

"చేయించుకోడానికి రాలేదండీ. చేసిన తాళం గురించే."

ఆయన కాళ్ళ దగ్గర చూసింది. గుమ్మం పక్కన తాళాల కుప్ప ఉంది. ఊళ్ళో ఎవరింటికి ఆయన తాళం ఉంటే వాళ్ళు పీకి తెచ్చి ఇక్కడ పారేసి పోతున్నారు. కొన్నింటికి తలుపు చెక్క కూడా ఊడి వచ్చింది. అత్తారింట్లో గెంటేస్తే పుట్టింటికి చేరిన ఆడపిల్లల్లా అన్నీ ఒకచోట పడి ఉన్నాయి. మేస్త్రి పొద్దున్నే వాటిని ఏరి, తుడిచి, నూనె పెట్టి గోనెసంచిలో వేస్తాడు. ఎందుకని భార్య అడగదు, ఆయన చెప్పడు. తుప్పు పడితే చూడలేడు, అంతే.

ఆ తాళాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మామూలు తాళం కుడికి తిప్పితే పడుతుంది, ఎడమకి తిప్పితే వస్తుంది. మేస్త్రిది పుర్రచెయ్యి. చిన్నప్పుడు ఆ చేతిమీద ఎన్ని దెబ్బలు పడ్డా మారలేదు. తన చేతి వాటానికి తాళం చేశాడు, అది ఎడమకి తిప్పితే పడుతుంది, కుడికి తిప్పితే వస్తుంది. ఎడ్డెమంటే తెడ్డెమనే తాళం అన్నారు. ఓసారి ఒక దొంగ అలాంటి తలుపు దగ్గర రాత్రల్లా కుస్తీ పట్టి, చివరికి విసుగొచ్చి ఇంటివాళ్ళనే నిద్రలేపి, "అయ్యా, మీ తాళం పాడైపోయింది, బాగుచేయించుకోండి, దొంగల భయం ఎక్కువగా ఉంది" అని చెప్పి పోయాడట. నమ్మితే నమ్మండి. ఇంకొకాయన తన ఇల్లు తనే తెరవలేక నెలపాటు అత్తవారింట్లో ఉండిపోయాడట. తాళం దోషమో, అత్తగారి వంట గుణమో తేలలేదు.

ఇవన్నీ చెప్పుకుని నవ్విన ఊరే ఇప్పుడు తాళాలు పీకి తెచ్చి పారేస్తోంది. నిప్పు లేనిదే పొగ రాదనే సామెత కూడా ఆ వీధిలో ఎవరూ వాడడం లేదు. నాలుక చివరిదాకా వచ్చినా మింగేస్తున్నారు.

"లోపలికి రండమ్మా," అన్నాడు మేస్త్రి. రేకు తలుపు పూర్తిగా దించేశాడు. బయట ఇంకా ఎండ ఉన్నా లోపల చీకటి పడింది. బల్ల మీద దీపం వేశాడు. ఆకురాళ్ళు, చిన్న సుత్తి, పట్టకారు, సగంలో ఆపేసిన తాళంచెవి ఒకటి వెలుగులోకి వచ్చాయి. దుకాణానికీ ఇంటికీ మధ్య ఒక తెర ఉంది. తెర వెనకాల గిన్నె చప్పుడు ఆగిపోయింది.

ఆమె ముక్కాలి పీట మీద కూర్చుంది. గుడ్డ కొంచెం జారింది. చెవి దగ్గరినుంచి మెడదాకా చర్మం కరిగి మళ్ళీ గడ్డకట్టిన మైనంలా ఉంది. మేస్త్రి దీపం వైపు చూశాడు.

"చూడండి, ఫర్లేదు," అంది ఆమె. "అందరూ పక్కకి చూస్తుంటే పక్కన ఎవరున్నారో అని నేనూ వెతుక్కుంటున్నాను."

నవ్వాలో లేదో ఆయనకి తెలియలేదు.

"షెడ్డులో నాది కాజాల పని. నన్ను కాజాలక్క అంటారు. నా చెల్లెలిది గుండీల పని. నేను చొక్కాకి కన్నాలు కుట్టి పక్కకి తోస్తే, అది గుండీలు కుట్టేది. నువ్వు చేసే కన్నాలన్నీ నేనే పూడుస్తున్నానే అక్కా అని వెక్కిరించేది." ఆమె మేస్త్రి వైపు తిరిగింది. "మీ అబ్బాయి పక్క బల్ల మీదే గుడ్డ కత్తిరించేవాడు. మా ఇద్దరి పోట్లాట విని ఒక్కోసారి నవ్వేవాడు. వాడు నవ్వడం నేను చూశానండీ. ఆ మాట ఎవరికి చెప్పినా కొట్టేలా చూస్తారు."

తెర కదిలింది. మేస్త్రి భార్య నీళ్ళగ్లాసుతో వచ్చింది. ఆ ఇంటికి వచ్చిన మనిషికి ఆమె నీళ్ళివ్వడం ఎన్నాళ్ళకో. సొంత చెల్లెలే మొన్న కబురు పంపింది, "అక్కా, నువ్వు రాకు, మా పిల్లల్ని బళ్ళో ఏడిపిస్తున్నారు" అని. కన్నకడుపు మీద ఊరు పడిందంటే అలాగే ఉంటుంది. ఏం పెంచావమ్మా అని అడిగేవాళ్ళే గాని, ఏం తిన్నావమ్మా అని అడిగినవాళ్ళు లేరు.

"తీసుకో తల్లీ."

కాజాలక్క గ్లాసు ఎడమ చేత్తో అందుకుంది. తాగింది. అంత చిన్న సంగతికే మేస్త్రి భార్య కళ్ళు తిరిగినట్టు గోడ పట్టుకుంది.

"వకీలు గారు నా దగ్గరికి వచ్చారు," అంది కాజాలక్క. "మీ అబ్బాయి వకీలు. సోమవారం కోర్టులో నన్ను పిలిపిస్తామన్నారు. ఉరా, జైలా అన్నది ఆ వారమే తేలుతుందట. షెడ్డు వెనక తలుపు గురించి నేను ఒక మాట చెప్పాలట."

"ఏం మాట?" అన్నాడు మేస్త్రి. ఆయనకి తెలుసు ఏం మాటో.

"ఆ పొద్దున ముక్కలగుడ్డ చెత్త పారబోసి లోపలికి వచ్చింది నేనే. నేను రాగానే కాపలా తాత బయటినుంచి తాళం వేశాడు. ఆ చప్పుడు నేను విన్నాను. ఓనరు గారికి మేం గుడ్డ ఎత్తుకుపోతామని భయం కదా, ఆ తలుపు ఎప్పుడూ వేసే ఉంచమనేవాడు. తర్వాత తాత టీ తాగడానికి పోయాడు. మీ అబ్బాయి వచ్చాడు. పొగ వచ్చింది. ముందు తలుపు రాలేదు, పక్క తలుపులు రెండూ రాలేదు. తాళం వేసి ఉన్న వెనక తలుపు, నేను మీద పడగానే వచ్చేసింది. నా వెనక చాలామంది వచ్చారు. తలుపుకి బయట తాళంచెవి వేలాడుతూ ఉందట, గుత్తితో సహా."

"వాడే తీశాడు తల్లీ!" అంది మేస్త్రి భార్య. ఆ మాటకోసమే ఇంతసేపూ ఊపిరి బిగబట్టినట్టు అంది. "మూడు తలుపులు వేసి, నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి వాడి చెయ్యి ఆడలేదు. వేసి ఉన్న తలుపు తీసి వెళ్ళాడు. రాక్షసుడే అనుకో. నేనే కన్నాను, నేనే అంటున్నాను. కానీ ఆ రాక్షసుడిలో ఎక్కడో ఒక మూల..." ఆమె చూపుడు వేలు చివర చూపించింది. "ఇంత. ఇంత మిగిలి ఉన్నాడు నా కొడుకు."

మేస్త్రి ఆకురాయి తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ తీసి మొదటిచోటే పెట్టాడు.

షెడ్డు కాలిన తర్వాత మేస్త్రి భార్య మంచం దిగలేదు. పెదవి తడపమన్నా తడపలేదు. ఒకరోజు వకీలు వచ్చి వెనక తలుపు సంగతి చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం ఆమె లేచి, స్నానం చేసి, పొయ్యి వెలిగించి, "వాడే తీశాడండీ" అంటూ మొదటి ముద్ద తిన్నది. అప్పటినుంచి ఆమె తింటున్నది తిండి కాదు, ఆ మాటే. మేస్త్రి పక్కన కూర్చుని చూస్తూ ఉన్నాడు. మింగలేక, కక్కలేక.

"ఆ మాటే నేనూ అడగడానికి వచ్చాను," అంది కాజాలక్క, మేస్త్రి వైపే చూస్తూ. "ఆ తాళం మీరు చేసిందే. వకీలు గారికి తాళం గురించి తెలియదు, పోలీసులకి తెలియదు. మీకు తెలుస్తుంది. వాడు కావాలనే తీశాడా? అవునంటే సోమవారం నిలబడి, ఉరి వద్దని చెప్తాను. నన్ను చూసి జడ్జిగారు వింటారట, నా మొహానికి అంత విలువ వచ్చింది. కాదంటే ఏమీ మాట్లాడను. కానివ్వండి అంటాను."

"అవునని చెప్పండి," అంది భార్య. "చెప్పండి, అలా చూస్తారేం?"

మూడు అక్షరాల మాట. జన్మలో లెక్కలేనన్ని సార్లు అనివుంటాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే అవును, రేపు వాన పడుతుందా అంటే అవును. ఆ మాటే ఇప్పుడు గొంతులో తుప్పుపట్టిన గడియలా అడ్డంగా ఇరుక్కుంది.

"నీకెందుకమ్మా అంత పట్టింపు?" అన్నాడు చివరికి. "తీశాడు, నువ్వు బతికావు. కావాలని తీస్తేనేం, కాకపోతేనేం?"

కాజాలక్క గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నా చెల్లెలు ముందు వెనక తలుపు వైపే పరిగెత్తింది," అంది. "నేనే జబ్బ పట్టుకుని లాగాను. అది వేసే ఉంటుందే పిచ్చిదానా, ముందు వైపుకి పో అని తోశాను. అక్క మాట కదా, వింది. తర్వాత పొగలో నాకు దారి తప్పి, గోడ తడుముకుంటూ ఎటో పోతే ఆ తలుపే తగిలింది." ఆమె గుడ్డ సర్దుకుంది. "వాడు కావాలని తీసి ఉంటే, వాడు తెరిచిపెట్టిన దారిని నేను మూశానన్నమాట. అదైనా సరే, నాకు నిజం కావాలి. మీరిద్దరూ రోజూ ఏం మోస్తున్నారో నాకు తెలుసు. మా ఇంట్లోనూ అదే ఉంది. కాకపోతే నా గుమ్మం ముందు ఎవరూ ఉమ్మరు, నాకు పళ్ళు పట్టుకొస్తారు."

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఆ చీకటి దుకాణంలో ముగ్గురి గుప్పిళ్ళూ మూసే ఉన్నాయి. మేస్త్రి తన గుప్పిడే ముందు తెరిచాడు.

"ఆ తాళం నేను తిరగేశానమ్మా," అన్నాడు.

"తిరగేయడమంటే?"

"కాపలా తాతకి నా తాళం అంటే గిట్టేది కాదు. వేళ్ళు కొంకర్లు పోయాయి మేస్త్రీ, ఈ వయసులో నీ ఎడమవాటం నేర్చుకోలేను, కుడివాటానికి మార్చి పెట్టరా బాబూ అని ఏళ్ళతరబడి పోరాడు. నేను ఒప్పుకోలేదు. నా తాళం తిరగేసిన రోజున చెయ్యి నరుక్కుంటానని ఈవిడ ముందు, మావాడి ముందు ఒట్లు వేశాను. పొగరు. కిందటి శరత్కాలంలో తాత కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, ఓ మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా పోయి విప్పి, లోపలి గడియ తిరగేసి బిగించాను. అన్ని తాళాల్లాగే అదీ కుడికి పడుతుంది, ఎడమకి వస్తుంది. ఎవరికీ చెప్పొద్దని తాత దగ్గర మాట తీసుకున్నాను. ఆ తాత నిప్పంటుకున్న రోజు టీ గ్లాసు పారేసి, మీ అందరికోసం లోపలికి దూరినవాడు మళ్ళీ రాలేదు."

భార్య ఆయన్ని చూస్తోంది. ఆయన ఆమెని చూడలేదు.

"మావాడు నా చేతికింద పెరిగాడు," అన్నాడు, నెమ్మదిగా. "నా తాళం అంటే ఎడమకి పడుతుంది. అంతే వాడికి తెలిసింది. పొద్దున పూట ఆ తలుపు ఒకసారి తీస్తారు, ఒకసారి వేస్తారు. తీసి ఉందో వేసి ఉందో బయటినుంచి తెలియదు. వెయ్యాలని ఎడమకి తిప్పాడు. గడియ టక్కున కదిలింది. పడిందనుకున్నాడు. వచ్చింది." తన ఎడమ చెయ్యి గాల్లో తిప్పి చూపించాడు, ఆ చెయ్యి కనబడగానే వెనక్కి లాక్కున్నాడు. "వాడు ముట్టుకోకుండా పోయివుంటే ఆ తలుపు వేసే ఉండేది. మీ అందరినీ మూసేద్దామనే తిప్పాడమ్మా. నా ముసలి పొగరు ఒకరోజు ఓడిపోయింది గనక మీరు బయటపడ్డారు. అందులో వాడి దయ ఏమీ లేదు."

గుండెల మీద బండ దిగుతుందనుకున్నాడు ఆయన. దిగిన మాట నిజమే గాని, పోయి భార్య మీద పడింది. ఆమె గోడ వెంట జారి నేలమీద కూర్చుంది. ఏడుపు లేదు. చెప్పుకుందామంటే కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. ఇన్నాళ్ళూ ఇద్దరూ ఒకరినొకరు పొడుచుకున్న మాటలన్నీ ఆయనకి గుర్తొచ్చాయి. నువ్వు గారం చేశావు అని ఆయన, మీరు వాడితో నోరారా మాట్లాడింది ఎప్పుడు అని ఆమె. ఎన్ని పొడుచుకున్నా వాడే తీశాడన్న ఆ ఒక్క మాట జోలికి ఆయన పోలేదు. ఈ రోజు దాన్నీ చంపేశాడు.

కాజాలక్క లేచింది. "చెప్పారు, చాలు," అంది. గొంతులో కోపం లేదు, జాలి లేదు. "చెప్పరనుకున్నాను. ఇక సోమవారం నేను మాట్లాడేదేమీ లేదు. రేకు తలుపు కొంచెం ఎత్తుతారా?"

మేస్త్రి వంగి తలుపు కింద చెయ్యి పెట్టాడు.

"ఎత్తకండి," అంది భార్య.

నేలమీదినుంచే అంది. ఆ గొంతు ఆమెది కాదేమో అన్నట్టు ఉంది.

"వాడికి తెలుసు. తాళం కుడివాటానికి మార్చిన సంగతి వాడికి తెలుసు. నేనే చెప్పాను."

"నీకే తెలియదు కదే, నువ్వేం చెప్తావు?" అన్నాడు మేస్త్రి. "పోనీయ్. అబద్ధం ఆడి వాణ్ణి..."

"కాపలా తాత నోట్లో ఆవగింజ నానిందా ఎప్పుడైనా? మీరు విప్పి బిగించిన సాయంత్రమే ఇక్కడికొచ్చి, మీ ఆయన్ని కుడివాటానికి తిప్పానమ్మోయ్ అని చెప్పి, చెప్పానని చెప్పకు అని నవ్వుకుంటూ పోయాడు. మీ పరువు పోతుందని నేనూ ఊరుకున్నాను. వాడికి మాత్రం చెప్పాను. నిప్పు పెట్టిన ముందురోజే. భోజనం చేస్తూ ఉంటే చెప్పాను, మీ నాన్న ఒట్టు గట్టున పెట్టాడురా అని. ఇద్దరం నవ్వుకున్నాం. వాడు ఎడమకి తిప్పాడంటే తెలిసే తిప్పాడు. తీయాలనే తీశాడు."

మేస్త్రి చెయ్యి తలుపు కిందే ఉండిపోయింది. నిజమైతే? ఆయన ఒళ్ళంతా ఒక్కసారి వెచ్చబడింది. ఇన్ని నెలల్లో మొదటిసారి కొడుకు మొహం, మంటలు లేకుండా, మామూలుగా కళ్ళముందుకి వచ్చింది.

కాజాలక్క మాత్రం కదలలేదు. కాజా కుట్టే మనిషి కళ్ళు, ఎక్కడ పోగు ఊడిందో అక్కడే ఆగాయి.

"ఇంత మాట దగ్గర పెట్టుకుని వకీలు గారికి ఎందుకు చెప్పలేదమ్మా?" అంది. "ఇది చెబితే వాడి మెడకి తాడు తప్పేది కదా. ఇన్నాళ్ళూ ఎందుకు దాచారు?"

మేస్త్రి భార్య తల దించుకుంది.

"ఏమే, అడుగుతోంది," అన్నాడు మేస్త్రి. ఆయన గొంతు మారింది. "ఆ మాట ఎలా వచ్చింది మీ ఇద్దరి మధ్య? ఉన్నట్టుండి షెడ్డు తాళం ఊసెందుకు?"

ఆమె తలెత్తింది. భర్త వైపు కాదు, కాలిన ఆ మొహం వైపు, పక్కకి చూడకుండా చూసింది.

"నేను ఎత్తలేదు ఆ ఊసు. వాడే అడిగాడు. వెనక తలుపొకటే కాదు, మిగతా మూడూ ఎటు తిరుగుతాయని అడిగాడు. తాత టీకి ఏ వేళకి పోతాడని అడిగాడు, తాళంచెవుల గుత్తి ఎక్కడ తగిలిస్తాడని అడిగాడు. ఎందుకురా అని నేను అడగలేదు తల్లీ. ఎన్నాళ్ళకో కొడుకు నాతో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుతున్నాడని మురిసిపోయి, అడిగిందానికల్లా నవ్వుతూ చెప్పాను."